చన్నీళ్లకు పోయిన మరక

నూలుకు రంగు వేసే ఆ కార్ఖానాలో ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. చదివింది ఐదో తరగతే. అయినా తొట్టిలోంచి ఒక్క పోగు తీసి, పిండి, గుమ్మం దగ్గర వెలుతురులో పట్టుకుని "ఇంకో అయిదు నిమిషాలు" అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు. పాతికేళ్లుగా ఆయన చేతులు మోచేతుల దాకా ఏదో ఒక రంగులో ఉంటూనే ఉన్నాయి. యజమాని ఇచ్చిన రబ్బరు తొడుగులు మేకుకు వేలాడుతుండేవి. అవి తొడుక్కుంటే నూలు పట్టు తెలియదనేవాడు.

ఆ పనివాళ్లలో ఒక నమ్మకం ఉంది. చేతికి పట్టిన రంగు మెల్లగా ఒంట్లోకి దిగుతుందని, దిగింది ఎప్పుడో ఒకప్పుడు బయటికి పోతుందని. రంగుపొడి కలిపిన రోజు తుమ్మితే నీలం, ఉమ్మితే ఆకుపచ్చ. వాళ్లకు అందులో వింత లేదు. బాయిలర్ దగ్గర పనిచేసే ఆయన బావమరిదైతే "మా బావను కోస్తే నెత్తురు రాదర్రా, రంగుల షేడు కార్డు వస్తుంది" అని అందరినీ నవ్వించేవాడు.

అందుకే ఒకరోజు కార్ఖానా మరుగుదొడ్డి రేకు తలుపు వెనక మూత్రం ఎర్రగా పడినప్పుడు మాస్టారు కంగారుపడలేదు. ఆ వారమంతా తొట్లలో ఎరుపే. నొప్పి లేదు, మంట లేదు. రెండు చెంబులు నీళ్లు ఎక్కువ తాగాడు. మర్నాటికి మామూలైపోయింది.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. అప్పుడు నడుస్తున్నది నీలం ఆర్డరు. పాత ఎరుపు ఇంకా లోపల మిగిలి ఉంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుని బయటికి వచ్చాడు. ఎవరితోనైనా అందామంటే ఆ మాట నోట ఎలా వస్తుంది? కట్టుకున్న భార్యతో కూడా అలాంటివి మాట్లాడే మనిషి కాడు.

ఆమెదీ ఆ కార్ఖానాలోనే పని, చిలపలుగా కట్టిన తడి నూలును వెనక దండేల మీద ఆరవేయడం. ఒక సెలవు రోజు పొద్దున పెరట్లో బట్టలు ఉతుకుతూ ఆయన్ని పిలిచింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి. ఈ పంచె మీద నిన్న ఎర్ర మరక ఉంది. ఏంటది?"

"ఏముంటుంది, రంగు."

"పెళ్లయి ఇరవై రెండేళ్లు. అప్పట్నుంచీ మీ రంగులతో కుస్తీ పడుతున్నాను. సబ్బుకి లొంగలేదు, సోడాకి లొంగలేదు, వేన్నీళ్లకి లొంగలేదు. ఒక్క మరకైనా నా మాట విందా? ఇది మాత్రం చన్నీళ్లలో నానేస్తే ఇట్టే పోయింది." పంచె అంచు చాచి చూపించింది. తెల్లగా ఉంది.

మాస్టారు ఆ అంచు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టాడు.

"రంగు కాదు కదండీ?" అంది, ఈసారి గొంతు తగ్గించి.

"మూడు నెలలైంది," అన్నాడు. "వస్తుంది, పోతుంది. నొప్పేం లేదు."

"మూడు నెలలు నాకు..." ఆమె బకెట్టు పక్కకు నెట్టి కొంగుకు చేతులు తుడుచుకుంది. "రేపు పని మానెయ్యండి. ఆసుపత్రికి ఇద్దరం వెళ్దాం."

"పిచ్చిదానా, అక్కడ ఆడ డాక్టరుంటే?"

"నేను చెప్తాను. మీరు పక్కన కూర్చుని తల ఊపండి, చాలు."

అక్కడ ఉన్నది ఆడ డాక్టరే. భార్య చెప్పింది, ఆయన తల ఊపాడు. ఏం పని చేస్తారని, సిగరెట్లు కాలుస్తారా అని డాక్టరమ్మ అడిగింది. రెండింటికీ భార్యే జవాబిచ్చింది, కాలుస్తాడనే చెప్పింది. చేతులు చాపమని రెండు వైపులా తిప్పి చూసింది.

"నొప్పి లేదు కదా అని ఊరుకున్నానమ్మా," అన్నాడు మాస్టారు. ఆ గదిలో ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"అందరూ అలాగే అనుకుంటారు. మంట, జ్వరం ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. నడుము పక్కన మెలిపెట్టే నొప్పైతే రాయి కావచ్చు. వాళ్లు ఓర్చుకోలేక తొందరగానే వస్తారు. నొప్పి లేకుండా రక్తం పడి, దానంతటదే ఆగిపోయినవాళ్లే ఆలస్యం చేస్తారు. ఒక్కసారి కనిపించినా చూపించుకోవాలండీ. మీలాంటి పని చేసేవాళ్లైతే మరీను. కొన్ని రంగు రసాయనాలు, సిగరెట్లు, రెండూ మూత్రాశయానికి పడవు."

"పెద్ద జబ్బేనా అమ్మా?" అంది భార్య.

"లోపల చూడకుండా ఏదీ అనను."

మూత్ర పరీక్ష అయింది, స్కానింగ్ అయింది. సన్నని గొట్టంతో కెమెరా పంపి చూడాలన్నారు. ఎటునుంచి పంపిస్తారో నర్సు చెప్పగానే మాస్టారు బల్ల దిగి చెప్పులు వెతుక్కున్నాడు. గుమ్మంలో భార్య అడ్డంగా నిలబడి ఉంది.

"ఇద్దరు పిల్లల్ని కన్నాను. ఆ గదిలోకి ఎవరొచ్చారో, ఎవరు తొంగిచూసి పోయారో నాకే తెలీదు. మీరు పది నిమిషాలు ఓర్చుకోలేరా?"

నర్సు మొహం పక్కకు తిప్పుకుంది. మాస్టారు చెప్పులు వదిలి మళ్లీ బల్లెక్కాడు.

మూత్రాశయం గోడకు శనగగింజంత గడ్డ కనిపించింది. వారం తిరక్కుండా, కోత లేకుండా మూత్రం వచ్చే దారినే గొట్టం పంపి తీసేశారు. మంచానికి వేలాడే సంచీలోకి ఆ పూటంతా ఎర్రనీళ్లు దిగుతూ ఉన్నాయి. భార్య స్టూలు మీద కూర్చుని ఆ సంచీ వంక చూడ్డం, కళ్లు తిప్పుకోవడం.

"భయపడకు," అన్నాడాయన, మంచం మీంచే సంచీని వెలుతురులో పరీక్షగా చూస్తూ. "షేడు దిగుతోంది. ఇంకో మూడు నీళ్లు పోతే తేటపడుతుంది."

"ఇక్కడ కూడా మాస్టారేనా?" అని నవ్వబోయింది.

"నీకు ముందే చెప్పాల్సింది. సిగ్గేసింది."

"నా దగ్గరా?"

ఆమె దుప్పటి ఆయన గుండెల దాకా లాగి, లాగిన చేతిని అక్కడే ఉంచేసింది.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. అది క్యాన్సరే. అయితే పైపొరలోనే ఉంది, కండలోకి దిగలేదు. మూడు నెలలకోసారి లోపల చూసుకోవాలి, సిగరెట్టు ముట్టకూడదు, ఒట్టి చేతులతో తొట్టి తాకకూడదు. "ఇలాగే వదిలేసుంటే లోతుకు పోయేది," అంది డాక్టరమ్మ. దిగలేదన్న మాట భార్య రెండోసారి చెప్పించుకుని మరీ లేచింది.

మళ్లీ పనిలోకి వచ్చిన రోజు మధ్యాహ్నం, భోజనాల దగ్గర మాస్టారు గిన్నె మూత పెట్టి లేచి నిలబడ్డాడు.

"మూత్రం ఎర్రగా పడితే రంగనుకోకండ్రా. నేను అనుకున్నాను. నాకు పడింది రక్తం."

ఆయన నోట ఆ మాట విని అందరూ తినడం ఆపేశారు. ఎవరో కిసుక్కున నవ్వబోయి, మిగతావాళ్ల మొహాలు చూసి మానుకున్నారు. దండేల దగ్గర భార్య చిలప ఆరవేయడం ఆపి ఇటు తిరిగింది. మాస్టారు అంతా చెప్పాడు, గొట్టం సంగతితో సహా.

ఆ సాయంత్రం ముగ్గురు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఆయన్ని పక్కకు పిలిచి ఆ డాక్టరమ్మ ఏ వేళకు కూర్చుంటుందో అడిగారు.