దర్జీ అమ్మ, కూతురి గుండీలు

కుట్టుపనిలో తనని మించినవాళ్ళు లేరని దర్జీ అమ్మకి గట్టి నమ్మకం. కళ్ళు మూసుకుని కాజాలు కుడతానని చెప్పుకునేది. ఒకసారి నిజంగానే మూసుకుని వేలు కుట్టుకుంది, ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

ఆవిడకి ఒక్కగానొక్క కూతురు. పుట్టుకతోనే పిల్ల ఎడమచెయ్యి బిగుసుకుపోయింది, ఎడమకాలు ఈడుస్తూ నడుస్తుంది. ఇరవై ఏళ్ళొచ్చినా రోజూ చొక్కా గుండీలు పెట్టేది తల్లే. "నేను లేకపోతే దీని గతేం కాను" అని పక్కింటావిడతో అనేటప్పుడు ఆవిడ గొంతులో దిగులెంతో గర్వమూ అంతే.

ఇంతలో పిల్లకి కంటాసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం వచ్చింది. వాళ్ళిచ్చిన యూనిఫాం చొక్కాకి ఆరు గుండీలు.

"గుండీలు పీకి కొక్కేలు పెట్టేస్తాను, ఎంతలో పని" అంది తల్లి.

"వాళ్ళ చొక్కా అది, కత్తెర పెట్టనివ్వరు" అంది కూతురు.

పనులు సొంతంగా చేసుకోవడం నేర్పే టీచరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. టీచరు దర్జీ అమ్మకి ఓ చొక్కా తొడిగి, ఆవిడ ఎడమచేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసి, "ముందు మీరు గుండీలు పెట్టుకోండమ్మా" అంది. దర్జీ అమ్మ తగుదునమ్మా అని మొదలుపెట్టింది. మొదటి గుండీ జారిపోయింది, రెండోది పక్క కాజాలో దూరింది. పది నిమిషాలయ్యేసరికి ముచ్చెమటలు పోశాయి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడటమంటే ఇదే కాబోలనుకుంది.

"అలా కాదమ్మా" అంది కూతురు. "చొక్కా బల్లమీద పరిచి కింది నాలుగూ ముందే పెట్టేసెయ్. తలమీంచి వేసుకో. ఇక పైన రెండేగా."

"నీకెలా తెలుసే?"

"నువ్వు ఊరెళ్ళిన మూడు రోజులూ ఎవరు పెట్టారనుకున్నావ్?"

"పక్కింటావిడ అనుకున్నాను. మరి ఇన్నాళ్ళూ నాచేత ఎందుకు పెట్టించుకున్నావ్?"

"పొద్దున్న నువ్వు మిషను దిగి నా దగ్గరికొచ్చేది ఆ ఐదు నిమిషాలే కదా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు తల్లికి. వేళ్ళు వదిలితే మూడో గుండీ కూడా జారిపోతుందని ముక్కు తుడుచుకోలేదు.

కూతురు ఉద్యోగంలో చేరేరోజు తల్లి గది తలుపు బయట, చేతులు ఒళ్ళో బిగించి కూర్చుంది. పిల్ల బయటికొచ్చింది. పైగుండీ ఒక కాజా తప్పింది. దర్జీ అమ్మ నోటిదాకా వచ్చిన మాట మింగేసి బస్సెక్కించి వచ్చింది. ఆ రోజు కుట్టిన రెండు జేబులూ తల్లకిందులుగా కుట్టింది.

సాయంత్రం కూతురు వస్తూనే అడిగింది, "గుండీ తప్పింది, చూళ్ళేదా?"

"చూశాను. చెప్పకుండా ఉండటం నేర్చుకుంటున్నాను."

"అంతా ఒక్కరోజులో నేర్చేసుకోకమ్మా. అలాంటివి చెప్పొచ్చు."

మర్నాటినుంచి పొద్దున్న ఆ ఐదు నిమిషాలూ మిషను ఆపి ఇద్దరూ టీ తాగుతున్నారు. మాటల మధ్యలో తల్లి చెయ్యి దానంతటదే కాలరు దాకా వెళుతుంది. కూతురు గ్లాసు పట్టుకుని కాస్త వెనక్కి జరుగుతుంది.