బెర్తా చదవలేని నోరు

ఇంగ్లండులోని బర్న్లీ ఊళ్లో నేతమిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్లకు మాట్లాడడానికి గొంతుతో పనిలేదు. వందల మగ్గాలు దడదడలాడే షెడ్డులో ఎంత అరిచినా పక్కమనిషికి వినపడదు. అందుకని పెదవులు సాగదీసి, దవడ కిందికి దించి ఒక్కో మాటను ముఖం మీద గీసి చూపేవాళ్లు. బెర్తా ఎంట్విసిల్ ముప్ఫై ఎనిమిదేళ్లు అలాగే మాట్లాడింది. యాభై దాటేసరికి మగ్గాలు ఆమె చెవుల్ని పూర్తిగా తినేశాయి. ఆమె పెద్దగా బాధపడలేదు. తనలాగే మిల్లులో చెవులు పోగొట్టుకున్న ఎదురింటి మార్జరీ కిటికీలోంచి కబుర్లు చెబితే, ఈమె తన కిటికీలోంచి అందుకునేది.

చెల్లెలు చనిపోతే ఆమె కొడుకు డెరిక్‌ను బెర్తాయే పెంచింది. అక్షరాలకన్నా ముందు వాడు చదవడం నేర్చింది ఆమె పెదవుల్నే.

ఆ డెరిక్‌కు మాంచెస్టరులో టీవీ వార్తలు చదివే ఉద్యోగం వచ్చింది. బెర్తా అద్దెకు టీవీ తెచ్చి, మార్జరీని పిలిచి టీ పోసింది. నున్నగా దువ్విన తలతో డెరిక్ కనిపించాడు. పెదవులు కదిలీ కదలనట్టు కదిలాయి. బెర్తాకు ఒక్క ముక్క అంతుపట్టలేదు.

"ఏమంటున్నాడే?"

"ఎవరికి తెలుసు! దొరబిడ్డలా మాట్లాడుతున్నాడు. పంటినొప్పేమో పాపం," అంది మార్జరీ నోరంతా తెరిచి.

క్రిస్మస్‌కు డెరిక్ ఇంటికి వచ్చినప్పుడు బెర్తా అడిగింది. "ఒరేయ్, రోజూ వార్తల చివర్లో ఒక్క మాట మనలా నోరు తిప్పి అనకూడదూ? నాకోసం."

"మన యాస వినపడితే చాలు పెద్దమ్మా, చెవుల్లో సీసం పోసినట్టుందని చూసేవాళ్లు ఉత్తరాలు రాస్తారు."

"నా చెవులకేం ఫరవాలేదులే," అని ఆమె నవ్వింది. అయినా రోజూ సాయంత్రం కుర్చీ టీవీ దగ్గరికి లాక్కుని ఆ ఒక్క మాట కోసం చూసేది. మూడేళ్లు చూసింది.

ఒక శనివారం వాడు ఏదో వినోద కార్యక్రమానికి అతిథిగా వచ్చాడు. తలకు రుమాలు కట్టుకుని, మిల్లు ఆడదానిలా గొంతు లేకుండా నోరు సాగదీశాడు. బెర్తాకు ప్రతి అక్షరం తెలిసింది.

"విల్ఫ్ నన్ను పెళ్లి చేసుకుంటాడటే. పిల్లాణ్ణి అనాథాశ్రమంలో వదిలెయ్యమన్నాడు. వదిలేద్దామనే ఉంది."

ఇరవై ఏళ్ల కిందట ఆమె కిటికీలోంచి మార్జరీకి మాత్రమే చెప్పిన మాట అది. బల్ల కింద ఆడుకుంటున్నాడనుకున్న డెరిక్ ఆమె పెదవులు చదివేశాడన్నమాట. తెర మీద జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. పక్కనే కూర్చున్న మార్జరీ టీకప్పులోకి తల దించుకుంది.

ఆదివారం డెరిక్ పూలతో వచ్చాడు. "చూశావా పెద్దమ్మా? నువ్వడిగినట్టే చేశాను."

"ఆ మాటే దొరికిందట్రా?"

"నోరు తిప్పితేనే నవ్వారు. ఏమన్నానో అక్కడ ఎవరికి తెలుస్తుంది?"

"బర్న్లీ మొత్తానికి తెలుసురా. పొద్దున చర్చిలో ఒక్క ఆడదీ నాతో నోరు కదపలేదు. నేను నిన్ను వదల్లేదు కదరా. ఆ ముక్క చెప్పావా?"

డెరిక్ పూలు పక్కన పెట్టాడు. ఆమె చేతులు పట్టుకుని, చిన్నప్పటిలా పెదవులు విప్పి, ఒక్కో మాటా ఆమె చదువుకునేలా ఏదో చెప్పబోయాడు.

మిల్లులో ఒకరితో మాటలు మానేయాలంటే ఒకటే పద్ధతి. బెర్తా కుర్చీలో అటు తిరిగి, గోడవైపు ముఖం పెట్టుకుంది.