వియ్యపురాలి పాట ఎవరిది?

మా వియ్యపురాలు శ్యామలాంబ గారి గొంతు సంగతి కొవ్వూరులో తెలియనివాళ్లు లేరు. తణుకులో కూడా లేకుండా చేశాడు మా అబ్బాయి గణేష్‌బాబు. "మా అత్తగారు పాడితే వినాలండీ" అని బ్యాంకులో కనపడ్డవాళ్లందరికీ చెప్తాడు. నా వంట గురించి వీడు ఏనాడైనా ఒక్కరికైనా చెప్పాడేమో కనుక్కోండి. నాకు కడుపు మంటే, దాచుకోడం దేనికి?

ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరమ్మ. చిన్నతనంలోనే భర్త పోతే, పొద్దున బడీ సాయంత్రం కుట్టుమిషనూ పెట్టుకుని ఒక్కగానొక్క కూతురు పావనిని పెంచింది. మనిషి పిట్టంత ఉంటుంది. సంగీతం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అయినా ఊళ్లో ఏ పెళ్లి జరిగినా ఆడపెళ్లివారు ఆవిణ్ణే పిలుస్తారు. మగపెళ్లివాళ్లు విడిదిలో దిగిన దగ్గర్నుంచీ ఓ కంట కనిపెట్టి, భోజనాల వేళకి వాళ్ల మీద పాట కట్టేస్తుంది.

తొంభైలో పావనిని మావాడికి చేసుకున్నాం. ఆ పెళ్లిలో వియ్యపురాలంటే నేనే కదా. రెండోరోజు భోజనాల్లో నా ఎదురు బంతిలోంచే మొదలెట్టారు ఆడంగులు.

"విడిదింట కాఫీ వేడి లేదంది వియ్యపురాలు
వేడి చేసి ఇస్తే చిక్కన లేదంది వియ్యపురాలు"

అందరూ నా మొహంకేసి చూసి నవ్వడమే. నేను విస్తరి ముందునుంచి లేచిపోయాను. శ్యామలాంబ గారు పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఇది మా అమ్మమ్మనాటి పాటండీ వదినగారూ, మీ మీద కాదండీ" అంది. కూతురు నా ఇంటికి రావాలి, నేనేం సాధిస్తానో అని ఆవిడ భయం. అబద్ధమని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకీ తెలుసు. ఆ పాట ఎప్పుడొచ్చినా పెద్దలనాటిదనే చెప్పుకొచ్చింది.

మొన్న రెండువేల మూడు పుష్కరాలప్పుడు రాజమండ్రి కాలేజీ లెక్చరర్ సుకుమార్ అనే అబ్బాయి టేపురికార్డరు పట్టుకుని ఆవిడింటికొచ్చాడు. గోదారి జిల్లాల పాతపాటలన్నీ ఇంటర్నెట్‌లో పెడుతున్నారట. ఆవిడ బోలెడు పాడింది, ఈ పాటతో సహా. ఎవరు కట్టారండీ అంటే పెద్దలనాటిదే అంది. అతను 'కర్త తెలియదు' అని రాసి పెట్టేశాడు. గణేష్‌బాబు నన్ను నెట్ సెంటర్‌కి తీసుకెళ్లి మరీ వినిపించాడు. నా కాఫీ గొడవ లోకమంతా వింటోంది, పేరు ఆవిడ గొంతుకి. నన్ను ఓ లాలిపాటైనా పాడమని అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

మరుసటేడు ఆవిడకి గొంతులో గడ్డ వస్తే ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది. మాట్లాడితే గాలే వస్తుంది. ఆ కబురు వినగానే నాకు లోపల కాస్త చల్లగా అనిపించింది. పావని మొహం చూశాక అదీ మిగల్లేదు.

నేనూ పావనీ ఆవిణ్ణి చూడ్డానికి కొవ్వూరు వెళ్లినప్పుడు సుకుమార్ ఓ నోటీసు పట్టుకుని వచ్చాడు. ఎవరో సీడీల కంపెనీవాళ్లు ఈ పాటని ఇంటర్నెట్‌లోంచి తీసుకుని, ఎవరో సినిమావాడి పేరు రచయితగా వేసి అమ్ముతున్నారట. పైగా పాట మాది, మీరు తీసెయ్యండి అని కాలేజీకే రాశారట.

"కర్త తెలియదని మేమే రాసుకున్నామండీ. ఇప్పుడు ఏమీ అనలేకపోతున్నాం" అన్నాడు. "ఇది మీరే కట్టుంటే చెప్పండి. లేకపోతే ఈ వారంలో తీసెయ్యాలి."

తీసేస్తే మళ్లీ పాడి ఇచ్చే గొంతు లేదు. అయినా ఆవిడ ఓసారి కూతురివైపు, ఓసారి నావైపు చూసింది. "పెద్దలనాటిదే బాబూ" అంది గాలిగొంతుతో.

పీడా పోయిందనుకుని ఊరుకోవచ్చు నేను. కానీ ఒళ్లు మండిపోయింది. నన్ను దెప్పితే నా వియ్యపురాలు దెప్పాలి. ఊరూ పేరూ లేనివాడు నా మీద పాట రాశానంటాడా?

"ఆవిడే కట్టింది. నా మీదే కట్టింది. కాఫీ వెనక్కి పంపింది నేనే" అన్నాను.

సుకుమార్ ఇబ్బందిగా నవ్వాడు. "కాఫీకి వంకపెట్టని వియ్యపురాలు ఎక్కడుందండీ? అది చాలదు."

ఇక మిగిలింది ఆఖరి చరణం. ఆ సంగతి మావాడు రెట్టించి అడిగినా ఒప్పుకోలేదు నేను. ఇప్పుడు కోడలి ముందు చెప్పాలి.

"ఆఖరి చరణంలో కొంగుచాటున ఆవకాయ సీసా ఉంది చూడు. అదీ నాదే. వీళ్ల వంటల్లో కారం ఉండదని తణుకు నుంచి పట్టుకొచ్చి, పెళ్లి మొదటిరోజు భోజనాల్లో ఎవరూ చూడకుండా కలుపుకున్నాను. నెయ్యి వడ్డించడానికి వంగి ఈవిడొక్కర్తే చూసింది. ఆ సినిమావాడికెలా తెలుస్తుంది?"

పావని నోరు తెరిచింది. శ్యామలాంబ గారు నా చెయ్యి పట్టుకుని, "ఎందుకండీ వదినగారూ ఇప్పుడు" అంది.

"మీరూరుకోండి" అన్నాను. ఆ పాటలో వియ్యపురాలిని నేనేనని అతను కాగితం మీద రాసిస్తే సంతకం పెట్టాను.

"మరి రచన మీదేనాండీ?" అని అతను ఆవిణ్ణి మళ్లీ అడిగాడు. ఆవిడ నావైపు చూసింది. నేను తలూపాను. "నేనే కట్టాను బాబూ" అంది. పెదాలు కదిలాయి గానీ అతనికి వినపడలేదు.

అందుకని ఆ మాట ఆవిడ బదులు నేనే గట్టిగా చెప్పాల్సొచ్చింది.