కోళ్ల ఫారంలో పదో తరగతి

నా చిన్నప్పుడు, ఏ బళ్లో చదువుతున్నావని ఎవరైనా అడిగితే నాకు వెంటనే దగ్గు వచ్చేది. దగ్గు రాకపోతే చెప్పు తెగినట్టు కిందికి వంగేదాన్ని. బడికి మంచి పేరే ఉండేది. గేటు పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి మరీ పెట్టారు. కానీ మేడ్చల్ నుంచి గౌడవెల్లి దాకా దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లు ఒక్కరు కూడా లేరు. అందరికీ అది కోళ్ల ఫారం బడి. వానరోజున నడవలేక బస్సు ఆపితే కండక్టరు "ఆపన్నా ఆపు, కోళ్లొస్తున్నయ్" అని డ్రైవరుకు కేకేసేవాడు. బస్సంతా నవ్వేది. నాకు ఏడుపొచ్చేది.

వాళ్లన్నది అబద్ధం కూడా కాదు. అది నిజంగానే ఒకప్పటి కోళ్ల ఫారం. రోడ్డుకు కొంచెం లోపలగా, ద్రాక్షతోటల పక్కన, రేకుల కప్పుతో పొడుగ్గా ఉండే షెడ్డు. చుట్టూ నడుమెత్తు గోడ, ఆ పైన కప్పు దాకా ఇనుప జాలి. వాన వస్తే పాఠం ఆపి, అందరం లేచి గోనెపట్టాల పరదాలు దించాలి. తరగతికీ తరగతికీ మధ్య గోడలు లేవు, తడకలు ఉండేవి. తడకకు ఇవతల మేం పన్నెండో ఎక్కం అప్పజెబుతుంటే, అవతల పెద్దపిల్లలు హిందీ పద్యం వల్లించేవారు. ఇప్పటికీ నాకు ఆ ఎక్కం మధ్యలో ఒక హిందీ ముక్క అడ్డం పడుతుంది.

ఆ షెడ్డును బడి చేసింది మా పెద్దసారు. బీఈడీ చదివి, ఎక్కడా ఉద్యోగం దొరక్క, ఆ ఫారంలోనే సూపర్‌వైజరుగా చేరారట. అక్కడ పనిచేసే కూలీల పిల్లలు ఊరికే తిరుగుతుంటే, సాయంత్రాలు వాళ్లను దాణా బస్తాల మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవారు. ఒక ఏడు తెగులు తగిలి కోళ్లన్నీ పోయాయి. యజమాని ఫారం ఎత్తేశాడు. పెద్దసారు తన సామాన్లు సర్దుకుందామని వెళ్లేసరికి పిల్లలు ఎప్పటిలాగే పలకలు పట్టుకుని వచ్చి కూర్చున్నారట. ఆ సాయంత్రమే బడి మొదలైందని ఆయన చెప్పేవారు.

మా ఊళ్లలో అప్పుడు సర్కారు బడి ఐదుతోనో ఏడుతోనో అయిపోయేది. ఆ పైన చదవాలంటే మేడ్చల్ పోవాలి. మగపిల్లలు సైకిళ్లేసుకుని పోయేవారు, ఆడపిల్లలు ద్రాక్షతోటలకు కూలికి పోయేవారు. ఆడపిల్ల నడిచి వెళ్లి, పొద్దుగూకకముందే ఇంటికి తిరిగొచ్చేంత దగ్గర్లో పదో తరగతి ఉండాలన్నది పెద్దసారు పంతం. అందుకే ఫీజు కూడా రోజుకూలీ చేసుకునేవాళ్లు కట్టగలిగినంతే పెట్టారు. ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ వచ్చారు. మా అక్క తొమ్మిది పాసయ్యేనాటికి పదో తరగతికి అనుమతి అడిగారు. అనుమతి వస్తే మా అక్కవాళ్లదే మొదటి జట్టు.

మా నాయిన సుతారి, అంటే గోడలు కట్టే మేస్త్రి. మాట కూడా ఇటుక పేర్చినట్టే, ఒకసారి పెడితే కదలదు. అనుమతి వస్తే పిల్ల చదువుతుంది, రాకపోతే తోటపనికి పోతుంది, అంతే అన్నాడు. మా అక్క నోరు విప్పి ఏమీ అడిగే మనిషి కాదు. పొయ్యి దగ్గర కూర్చుని బొగ్గుముక్కతో నేల మీద లెక్కలు చేసి, తనే చెరిపేసేది. అప్పుడు నేను ఆరో తరగతి.

తనిఖీకి అధికారి వస్తున్నారని తెలిసి మేం నేలను మూడుసార్లు కడిగాం. ఆయన జీపు దిగి, షెడ్డంతా తిరిగి, మా తరగతి దగ్గర ఆగి, ఇక్కడ ముందు ఏముండేదని అడిగారు. నేను లేచాను. నన్ను ఎవరు లేవమన్నారో ఆ దేవుడికే తెలియాలి.

"ఫంక్షన్ హాలుండె సార్. పెండ్లిండ్లు జేసేటోళ్లు" అన్నాను. అక్కడితో ఊరుకున్నానా? మా మేనత్త పెళ్లి కూడా ఇక్కడే అయిందని చెప్పాను. ఆయన జాలి వంక చూశారు.

"మరి పెళ్లిళ్లకు ఇంత జాలి ఎందుకమ్మా?"

"దోమలు రాకుండ సార్!"

తడక అవతల ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దసారు ముందుకొచ్చి నా తల మీద చేయి వేశారు. చెవి మెలేస్తారనుకున్నాను. ఆయన మాత్రం నిదానంగా, "సార్, ఇది కోళ్ల ఫారమే. నేనే ఇక్కడ కోళ్లకు దాణా ఏసిన. పిల్లకు బడంటే పాణం, అందుకే అట్ల జెప్పింది" అన్నారు. అధికారి చాలాసేపు కాగితం మీద ఏదో రాసుకున్నారు. తరగతులకు నిండు గోడలు లేవు, ఇలా అనుమతి ఇవ్వలేను, దసరాలోపు గోడలు కట్టి చూపిస్తే మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయారు. ఆయన తప్పేమీ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం పెద్దసారు నిజం చెప్పడం వల్లే అంతా చెడిందనుకున్నాను.

జీపు కనుమరుగు కాగానే ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఇగ మా అక్క తోటకు పోతది సార్. మీరెందుకు జెప్పిన్రు?" అని ఏడ్చాను. ఆయన తిట్టలేదు, బుజ్జగించనూ లేదు. రేపటి నుంచి బడి చూడ్డానికి ఎవరొచ్చినా నువ్వే తిప్పి చూపించాలి, మొదటి నుంచి అంతా చెప్పాలి అన్నారు. "లేనిది ముందు జెప్పు బిడ్డా. ఉన్నది తర్వాత జెప్పు." ఇదే నాకు పడిన శిక్ష.

మొదట రావల్కోల్ నుంచి ఒక రైతు మనవరాలిని చేర్పిద్దామని వచ్చాడు. తలెత్తకుండా గడగడా అప్పజెప్పాను. ఇది కోళ్ల ఫారం, గోడలు లేవు, పదికి అనుమతి లేదు. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత ఇంకెవరో వచ్చారు, మళ్లీ చెప్పాను. నాలుగోసారో ఐదోసారో, పిల్లలు పలకలు పట్టుకుని వచ్చారన్న దగ్గరికి రాగానే ఒక ముసలమ్మ నా గడ్డం పట్టుకుని కళ్లు తుడుచుకుంది. అప్పటిదాకా ఆ కథ నేను చెప్పానే గానీ వినలేదు. ఆ రోజు విన్నాను. తెలియకుండానే నా గొంతు పెరిగింది. మర్నాటి నుంచి ఎవరైనా వస్తారా అని గేటు వైపు నేనే చూడ్డం మొదలుపెట్టాను.

అలా చూస్తుండగా ఒక మధ్యాహ్నం మా నాయిన వచ్చాడు. పని మధ్యలో వచ్చినట్టున్నాడు, చేతులకు సిమెంటు ఆరిపోయి ఉంది. అక్క పేరు తీయించడానికి వచ్చాడని చూడగానే అర్థమైంది. పెద్దసారు పాఠం చెబుతూనే నా వైపు తిరిగి, "మీ నాయినకు గూడ సూపియ్యి" అన్నారు.

అనుమతి వచ్చిందని ఒక్క మాటంటే చాలు, నాయిన వెనక్కి తిరిగి పోతాడు. ఆయనకు చదువు రాదు, కాగితం చూపించమని అడగడు. మాట నాలుక చివరి దాకా వచ్చింది. తడక సందులోంచి మా అక్క నన్నే చూస్తోంది. నేను లేనిదాంతోనే మొదలుపెట్టాను. అనుమతి రాలేదు నాయినా, తరగతులకు గోడలు లేవు, దసరాలోపు కడితేనే మళ్లీ చూస్తామన్నారు. ఆ తర్వాత కోళ్ల కథ, పలకల కథ, అంతా చెప్పాను. అంతసేపు నాయిన నా మాట వినడం అదే మొదటిసారి.

కథ అయిపోగానే ఆయన నడుమెత్తు గోడ దగ్గరికి పోయి వేళ్లతో తట్టాడు. ఒక కన్ను మూసి గోడ పొడుగునా చూశాడు. గోడ నిటారుగా ఉందో లేదో చూడ్డానికి సంచిలోంచి దారానికి కట్టిన ఇనుప గుండు తీసి గోడకు ఆనించి వేలాడదీశాడు. మొహం చిట్లించాడు. "గిదేం గోడనే? ఎవడు గట్టిండు? కోళ్లు గూడ నవ్వుకున్నయేమో" అన్నాడు. తర్వాత పెద్దసారు వైపు తిరిగి, "ఎన్ని గోడలు గావాలె సారూ?" అని అడిగాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆదివారం మా బడి పెళ్లివారిల్లయింది. నాయిన తనతో పనిచేసే మేస్త్రీలను పట్టుకొచ్చాడు. ద్రాక్షతోట ఆసామి తన ప్రహరీగోడకని తెచ్చుకున్న ఇటుకలు ఇచ్చేశాడు. తల్లులు ఇసుక మోశారు, మేం నీళ్లు పోశాం. మా అక్క తన తరగతి గోడకు తనే ఇటుకలందించింది. ఒకాయన కట్టిన వరుస వంకరపోయిందని నాయిన కూల్చి మళ్లీ కట్టించాడు. కూలికి కట్టే గోడలకు కూడా ఆయన అంత పట్టింపు చూపడం నేనెప్పుడూ చూడలేదు.

దసరాకు ముందే అధికారి వచ్చారు. నన్ను గుర్తుపట్టి, ఈమధ్య పెళ్లిళ్లేమైనా అయ్యాయా అని అడిగారు. సిగ్గుతో చచ్చాను కానీ, ఆ గోడలు ఎవరెవరు కట్టారో పేరుపేరునా చెప్పాను. అనుమతి వచ్చింది. ఆ ఏడు మా అక్క మా ఇంట్లో పది పాసైన మొదటి మనిషి అయింది. తర్వాత నర్సు చదివి శామీర్‌పేటలో ఎంతమంది తల్లులకు పురుడు పోసిందో. ఫలితాలు వచ్చిన రోజు నాయిన పేపరు చదివించుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, చిరిగిపోయేదాకా వెంట తిప్పుకున్నాడు.

ఇప్పుడు అదే చోట మూడంతస్తుల బడి ఉంది. పెద్దసారు తర్వాత ఆ కుర్చీలో నేను కూర్చున్నాను, ఈ ఏడుతో దిగిపోతాను. చుట్టూ పెద్దపెద్ద బళ్లు వచ్చాయి, వాటికి ఏసీ గదులు, ఏసీ బస్సులు. మాది ఇప్పటికీ రోజుకూలీల, ఫ్యాక్టరీ పనివాళ్ల పిల్లల బడే. ఎవరైనా బిడ్డను చేర్పించడానికి వస్తే నేను లేనివే ముందు చెబుతాను. మా టీచర్లు తల పట్టుకుంటారు, ఇట్లయితే అడ్మిషన్లు ఎట్లొస్తయి మేడం అని. కొందరు విని వెళ్లిపోతారు, నిజమే. ఉండిపోయినవాళ్లు మాత్రం బడిని తమదిగా చూసుకుంటారు.

మొన్న జూన్‌లో ఒక ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ కూతుర్ని తీసుకొచ్చాడు. పై అంతస్తులో రెండు గదులకు ఇంకా వైరింగు లేదని, ఫ్యాన్లు తిరగవని చెప్పాను. పిల్లను చేర్పించి వెళ్లాడు. ఆదివారం పొద్దున్నే నిచ్చెన, సామాన్ల సంచి బండి మీద వేసుకుని దిగాడు. సాయంత్రానికి రెండు గదుల్లోనూ ఫ్యాన్లు తిరిగాయి. నా కళ్లు నిండిపోయాయి, ఆ వయసులో మా నాయిన అచ్చం అలాగే ఉండేవాడు. అతను నల్లా దగ్గర చేతులు కడుక్కుని, ప్యాంటుకు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చి అడిగాడు.

"ఇంకేమేం లేవు మేడం మన బళ్లె?"

కుర్చీ చూపించి కూర్చోమన్నాను. ఒక్కటి కూడా దాచకుండా చెప్పాను.