రెండు రాష్ట్రాల బంతాట

కార్తీకంలో వాన పట్టుకుంటే తిరువళ్ళూరు పక్క మణవాళనగర్‌లోని మా ఇంటి గడప ముందు విడిచిన చెప్పులు ఒక పట్టాన ఆరవు. నానిన తోలు వాసన వరండా అంతా కమ్ముకుంటుంది. కోడలు ముక్కు మూసుకుని వాటిని చీపురుతో అవతలికి నెడుతుంది. నేను మాత్రం అక్కడే కూర్చుంటాను, లేచే ఓపిక లేక కొంత, ఆ వాసనలో తిరుత్తణి ఉంది గనుక కొంత. మా చిన్నతనంలో బాస్కెట్‌బాల్ అంటే తోలుబంతి. తడిసిన బంతికి మా అన్న చెంగల్రాయుడు కొబ్బరినూనె రాసి, వంటింట్లో పొయ్యి పక్కన ఆరబెట్టేవాడు. మిరియాల పొంగలి, కాగుతున్న నెయ్యి, తడితోలు, కట్టెల పొగ కలిసిన ఆ వాసనే నాకు ధనుర్మాసం.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు నాకు ఏడేళ్ళు. మా తిరుత్తణి చిత్తూరు జిల్లాతోపాటు ఆంధ్రలోకి వెళ్ళింది, అమ్మ పుట్టిన తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేరే పుట్టిల్లు ఆమెకు పరరాష్ట్రమైంది. మా బడి డ్రిల్లు అయ్యవారూ, తిరువళ్ళూరు బడి డ్రిల్లు మాస్టరూ పాత స్నేహితులు. ఆ ఏడే ఇద్దరూ కలిసి రెండు ఊళ్ళ పిల్లలకు పోటీ పెట్టారు. అయ్యవారు హాస్యానికి బడి నల్లబల్ల మీద ‘అంతర్జాతీయ బాలుర బాస్కెట్‌బాల్ పోటీ’ అని సుద్దముక్కతో రాశారు. ఎవరూ చెరపలేదు, ఆ పేరే నిలిచిపోయింది. ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ, ధనుర్మాసంలో వచ్చే అర్ధసంవత్సర పరీక్షల సెలవుల్లో ఆడేవారు.

మా ఊరి వంతు వచ్చినప్పుడు తిరువళ్ళూరు పిల్లలు అరక్కోణంలో రైలుబండి మారి, చెవులకు తువ్వాళ్ళు చుట్టుకుని, చలికి గజగజ వణుకుతూ దిగేవారు. ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున పంచుకునేవాళ్ళం. మా మేనమామ కొడుకు, తరువాత నాకు మొగుడైన రాఘవ బావ, అందరికంటే ముందు మా వంటింట్లోకి దూరి మురుకుల డబ్బా వెతికేవాడు. అతనే వాళ్ళ జట్టు పెద్ద. బడి వెనక ఎర్రమట్టి నేల మీద సున్నం గీతలు, తాటిమానులకు కమ్మరి బిగించిన ఇనుప కడియాలు, కొండ మీది గుడికి కావడి మోసుకెళ్తూ ఆగి చూసే జనం. నాయన గొంతు పోయేదాకా “తిరుత్తణీ” అని అరిచేవాడు. ఎవరు గెలవాలని అడిగితే అమ్మ విసుక్కునేది.

“యా పక్క గెలిచినా నాకు ఒండేది తప్పుతాదా?”

గెలిచేది ఎప్పుడూ తిరువళ్ళూరే. అన్న పొట్టివాడు. జట్టులో చేరినప్పటి నుంచీ ప్రతి ఏడూ ఓడి, రాఘవ బావ పక్కనే కూర్చుని అన్నం తినేవాడు.

అన్న బడి చదువు ముగిసే ఏడు ఆట మా ఊళ్ళో జరిగింది. మొదటి సగం అయ్యేసరికి మేమే ముందున్నాం. నాయన పక్కవాళ్ళను పట్టుకుని ఊపేస్తున్నాడు. అప్పటికే ఊళ్ళో సరిహద్దు గొడవ ముదిరింది. తిరుత్తణి మద్రాసుకు చెందాలనే ఊరేగింపు ఒకటి, ఆంధ్రలోనే ఉండాలనేది ఒకటి, సరిగ్గా మా ఆట నేల దగ్గర ఎదురుపడ్డాయి. రాళ్ళు లేచాయి. అయ్యవారు రెండు జట్లనూ ఒకే గదిలోకి తోసి తలుపు వేశారు. గొడవ సద్దుమణిగేసరికి పొద్దు వాలింది. మాస్టర్లిద్దరూ కూడబలుక్కుని, మిగిలిన సగం వచ్చే ఏడు ఇదే పిల్లలతో ఆడిద్దామన్నారు. అన్న ముఖం చూసి అయ్యవారు నవ్వారు.

“తొందరేమిరా చెంగల్రాయా, వచ్చే ధనుర్మాసం యాడికి పోతాది?”

ఆ ఏప్రిల్‌లో తిరుత్తణి మద్రాసులో కలిసింది. అయ్యవారు బదిలీ మీద చిత్తూరు వైపు వెళ్ళిపోయారు. అన్న బియ్యం మిల్లులో చేరాడు. ఏడాది పొడుగునా తెల్లవారకముందే లేచి, మసక వెలుగులో ఒక్కడే కడియంలోకి బంతి వేసి, ఆ తరువాతే పనికి పోయేవాడు. ధనుర్మాసం వచ్చింది. ఎదురుచూసిన రోజున బండి దిగింది రాఘవ బావ ఒక్కడే, చంకలో బంతితో.

“మిగతావాళ్ళు యాడ బావా?” అన్నాడు అన్న.

“రారంట. అంతా ఒకటే రాష్ట్రం అయిపోయింది గదా, ఎవురి మీద ఎవురు ఆడేదని మాస్టరు అనినాడు. నువ్వు కాచుకోనుంటావని నేను వచ్చినా.”

ఇద్దరూ బడి వెనక్కి వెళ్ళారు. అమ్మా, నేనూ గట్టు మీద కూర్చున్నాం. సున్నం గీతలు లేవు, ఒక తాటిమాను అప్పటికే ఎవరో కొట్టుకుపోయారు. అన్న రెండుసార్లు బంతి వేశాడు, పడింది. బావ వేశాడు. కాసేపటికి అన్న బంతిని పొట్టకు అదుముకుని నేల మీద కూర్చుండిపోయాడు.

“చాల్లే బావా. ఇది ఆట గాదు.”

“నువ్వు ముందుండావు కదా. గెలిచినట్టే.”

“గెలవలేదు. ఆట నిలిపేసినారు, అంతే.”

పొంగలి చల్లారిపోతుందని అమ్మ ఇద్దరినీ లేపింది. అన్న మళ్ళీ బంతి పట్టుకోలేదు.

ఇప్పుడు ఆ ఆట నేలలో గదులు లేచాయి, మిగిలింది బండ్లు నిలిపే తావైంది. మా ఊరు ఒకప్పుడు వేరే రాష్ట్రంలో ఉండేదంటే మనవళ్ళు నమ్మరు. నేను రాసే ఈ తెలుగు వాళ్ళకు చదవనూ రాదు. ఏ పెళ్ళిలో కలిసినా మా ఆయన నలుగురిలో “చెంగల్రాయుడే గెలిచినాడు” అనేవాడు, “ఆట అయిపోలేదు బావా” అని అన్న కొట్టిపారేసేవాడు. మొన్న అన్న పెద్దకర్మ నాడు, విస్తళ్ళు తీస్తుండగా, మా ఆయన ఎవరినీ చూడకుండా మళ్ళీ అదే మాట అన్నాడు. కాదనేవాళ్ళు లేరు.