మోతీ పొట్ట కింద ఎర్రగీతలు

కర్నూలు నుంచి కడప దాకా ఏ పెళ్లి ఊరేగింపులోనైనా గుర్రం కనిపిస్తే, ఒక్కసారి వంగి దాని పొట్ట కింద చూడండి. అక్కడ ఉండేది నేను కనిపెట్టిన పట్టీ. అది కట్టని గుర్రం ఈ రెండు జిల్లాల్లో లేదు. ఇక మోతీ అనే తెల్ల ఆడగుర్రం సంగతి వేరే చెప్పాలి. నేను వాళ్ల వీధి మలుపు తిరిగితే చాలు, నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చి నా భుజం మీద తల పెడుతుంది. డెబ్బై దాటిన ముసలివాడికి ఇంతకంటే ఏ బిరుదు కావాలి?

అది 2022. కరోనా గోల సద్దుమణిగి, వాయిదా పడ్డ పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మీదపడ్డ ఎండాకాలం. కర్నూలు పాతబస్తీలో నాకు సీటు కవర్ల దుకాణం ఉంది. ఆటోలకు, మోటారు సైకిళ్లకు, అప్పుడప్పుడు పాత సోఫాలకు రెగ్జిన్ కుడతాను. మా నాయన చెప్పులు కుట్టేవాడు, జట్కా బండ్ల తోలు సామాను కూడా చేసేవాడు. ఆయన దగ్గరే నేనూ జీన్లకు కుట్లు వేయడం నేర్చుకున్నాను. తర్వాత జట్కాలు పోయి ఆటోలు వచ్చాయి. నా సూది కూడా గుర్రం దిగి ఆటో ఎక్కింది.

ఒకరోజు పొద్దున రహమత్‌బీ దుకాణానికి వచ్చింది. వాళ్ల నాయన జట్కా తోలేవాడు, నాకు ప్రాణస్నేహితుడు. ఆయన పోయాక రహమత్‌బీ, ఆమె తమ్ముడు ఖాజా కలిసి పెళ్లిళ్లకు ఒక గుర్రాన్ని తిప్పుతున్నారు. అదే మోతీ. తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది రహమత్‌బీ. ఆమె ఎప్పుడు వచ్చినా నవ్వుతూ వస్తుంది. ఆరోజు మాత్రం తల వంచుకుని వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"ఏమైంది పాపా?" అన్నాను.

"మోతీ కరుస్తాండాది చిన్నాయనా. తంగు చేతిలో పట్టుకుంటే చాలు, చెవులు ఎనక్కి పెడతాది. మొన్న పెండ్లిలో కింద కూలబడింది. పెండ్లికొడుకు నడిచి పోయినాడు షాదీఖానాకు. అందరూ నవ్వినారు."

తంగు అంటే ఏమిటో చెప్పాలి. జీను గుర్రం వీపు మీద జారకుండా ఉండాలంటే పొట్ట కింద నుంచి ఒక పట్టీ తెచ్చి రెండు పక్కలా బిగిస్తారు. ఇంగ్లీషులో గిర్త్, మా జట్కావాళ్ల నోట తంగు. మనిషి మొలతాడు లాంటిదే. కాకపోతే ఈ మొలతాడును నమ్ముకుని పైన ఒక పెళ్లికొడుకు కూర్చుంటాడు.

విషయం తెలుసుకుంటే ఇదీ. లాక్‌డౌన్‌లో పనిలేక నిలబడి నిలబడి మోతీ ఒళ్లు చేసింది. పాత తంగు చాలలేదు. ఖాజా బుర్ర ఉపయోగించి, లారీల్లో లోడు కట్టే నైలాను బెల్టు తెచ్చి బిగించాడు. మోతీది గులాబిరంగు చర్మం, చాలా మెత్తన. ముందుకాళ్ల వెనక, మనిషికి చంక ఉన్నట్టుగా ఉండే చోట, రెండు పక్కలా ఒరుసుకుని పుండ్లు పడ్డాయి.

"ఖాజా ఏమంటాడు?"

"అమ్మేద్దామంటాండాడు. బేరగాడు వచ్చి సూసి పోయినాడు గూడా. బేతంచెర్లలో ఒక పెండ్లి ఒప్పుకుండాం. ఆడ నిలబడితే ఉండనీ, లేదంటే ఆడికాడే లారీ ఎక్కిస్తా అంటాండాడు. ఆ బేరగాడు దాన్ని యాడికి తోలుకపోతాడో అల్లాకు ఎరుక." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు దిగులు పడొద్దు. నేను కుట్టిన తంగులకు లెక్కే లేదు" అన్నాను.

లెక్క లేదన్నది అక్షరాలా నిజం. లెక్కపెట్టడానికి ఒక్కటీ లేదు. జీన్లకు కుట్లు వేశాను, కళ్లేలకు బకిల్స్ పెట్టాను. తంగు మాత్రం మా నాయన ఎప్పుడూ నా చేతికివ్వలేదు. "తంగు తప్పుగా కుడితే తిట్టేందుకు గుర్రానికి నోరుండదురా" అనేవాడు. కానీ ఏడుస్తున్న ఆడపిల్ల ముందు ఆ మాట చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

పశువుల డాక్టరు వచ్చి చూసి, పుండు మాని కొత్త వెంట్రుక వచ్చేదాకా వీపు మీద ఏమీ వేయొద్దన్నాడు. నాకు తీరిక దొరికింది. ఆటోవాళ్లను రేపు రా, మాపు రా అని తిప్పిపంపుతూ, నా జీవితంలో దేన్నీ కుట్టనంత శ్రద్ధగా ఆ తంగు కుట్టాను. లోపల మందపాటి సీటు స్పాంజి. పైన మెరూన్ రెగ్జిన్. అంచుల చుట్టూ బంగారు రంగు పైపింగ్. పైపింగ్ అంటే సీటు అంచు సాగకుండా, నిటారుగా కనపడేటట్టు లోపల గట్టి దారం పెట్టి కుట్టే గుండ్రటి అంచు. కర్నూలులో నా పైపింగ్ చూసి దుకాణం పేరు చెప్పేస్తారు. ఇది గొప్ప కాదు, నిజం. కావాలంటే ఆటో స్టాండులో అడగండి.

పుండ్లు మానాక తీసుకెళ్లాను. ఖాజా ఆ తంగును చేత్తో నొక్కి చూసి, "అరే, దీని మీద నేనే పండుకోవచ్చు గదప్పా!" అన్నాడు. నా ఛాతీ పొంగింది. మోతీకి కట్టాం. పట్టీ మొదటి బెజ్జానికి బిగిస్తే ఊరుకుంది. రెండో బెజ్జానికి మెడ తిప్పి నన్ను చూసింది. మూడో బెజ్జానికి నా చొక్కా జేబు దాని పళ్ల మధ్య ఉంది.

చినిగిన చొక్కాతో నేను పోట్లాటకు దిగాను. "దీనికి పొగరు. ఇంత మెత్తటిది కుట్టి ఇస్తే ఇట్లా చేస్తాదా?"

రహమత్‌బీ మోతీ మెడ నిమురుతూ, నా వైపు తిరక్కుండానే అంది. "నీకు చెప్పు కరిస్తే కాలికి పొగరు అంటావా చిన్నాయనా?"

ఆ మాట ఇల్లు చేరేదాకా నా వెంటే వచ్చింది. చెప్పు కరవడం! చెప్పు కరిచిందని ఎవరైనా వస్తే మా నాయన ఏం చేసేవాడు? వాదించేవాడు కాదు. పట్టీ లోపల తడి ఎర్రమన్ను పూసి, "నాలుగడుగులు నడువప్పా" అనేవాడు. కాలి మీద ఎరుపు ఎక్కడ అంటితే అక్కడ చెక్కేవాడు. అంతే. ఈ ఉపాయం నాకే కలలో తట్టిందని చాలామందికి చెప్పాను. అది మా నాయనది. ఆయన మాత్రం దాన్నొక ఉపాయమని కూడా అనుకోలేదు.

మర్నాడు డబ్బాలో ఎర్రమన్ను కలుపుకుని పోయాను. తంగు లోపలివైపంతా పూశాను. రహమత్‌బీ బెల్లం ముక్క పెట్టి మోతీని మాటల్లో పెట్టింది. ఒక్క బెజ్జం దాకా వదులుగా కట్టి, పెరట్లో ఒక చుట్టు తిప్పి విప్పేశాం. సరిగ్గా అప్పుడు ఖాజా గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. తెల్లటి పొట్ట కింద ఎర్రగా కనపడేసరికి కేక పెట్టాడు.

"రగతం! రగతం! ముసలోడు గుర్రాన్ని కోసేసినాడు!"

"మన్ను రా, మన్ను!" అని రహమత్‌బీ అరుస్తోంది. నాకు ఇద్దరి మాటలూ వినపడటం లేదు. నేల మీద వెల్లకిలా పడుకుని మోతీ పొట్ట కిందికి చూస్తున్నాను. ఎరుపు పట్టీ అంత వెడల్పున ఉండాలి కదా! లేదు. పొట్టకు అడ్డంగా రెండు గీతలున్నాయి. ముందు అంచున ఒకటి, వెనక అంచున ఒకటి. స్కేలు పెట్టి గీసినట్టు సన్నగా, చిక్కగా. నడుమ అంతా తెల్లగా, మన్ను అంటీ అంటనట్టు ఉంది. నేను అంత ప్రేమగా దట్టించిన స్పాంజి ఖాళీగా కూర్చుంది. బరువంతా మోసింది అంచు. అంచులో ఉన్నది నా పైపింగ్.

కర్నూలంతా గుర్తుపట్టే నా పైపింగే మోతీని కోస్తున్నది!

ఆటో సీటుకు అంచు కనపడాలి. మనిషి నడుమ కూర్చుంటాడు, అంచు మీద కాదు. తంగుకు అంచనేదే తెలియకూడదు. బిగించగానే స్పాంజి అణిగిపోతుంది, గట్టి దారం అణగదు. సీటు కుట్టేవాడు తప్ప ఈ తప్పు ఇంకెవడూ చేయలేడు. సిగ్గుపడాల్సింది పోయి నేను ఆ మట్టిలోనే పడుకుని నవ్వడం మొదలుపెట్టాను. ఖాజా అక్కవైపు చూసి, "మతి పోయినట్టుండాది" అన్నాడు.

ఆ తర్వాత నాకు తిండి, నిద్ర పట్టలేదు. బ్లేడుతో పైపింగ్ మొత్తం కోసేశాను. స్పాంజి పారేశాను. చర్మానికి తగిలేవైపు గొర్రె ఉన్ని కంబళి ముక్క పరిచాను. దానికి గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది. అంచులు బయటివైపుకు మడిచి కుట్టాను, మోతీకి కుట్టు తగలకుండా. రొమ్ము ఎముక కింద పట్టీ జానెడు వెడల్పు. ముందుకాళ్ల వెనకకు వచ్చేసరికి మాత్రం లోపలికి వంపు తీశాను, నడిచేటప్పుడు మోచేయి తగలకుండా. చంక దగ్గర చొక్కాకు వంపు తీసినట్టే. రెండు కొసలకూ సోఫాలో వాడే సాగే పట్టీ వేశాను. ఒక్క కొసకే వేస్తే ఊపిరి తీసినప్పుడల్లా ఆ పక్కే సాగి జీను ఇంకో పక్కకు లాగుతుంది. రెండు పక్కలా ఉంటే జీను నడుమనే నిలుస్తుంది.

మళ్లీ ఎర్రమన్ను పూసి కట్టాం. విప్పి చూస్తే గీతలు లేవు. పట్టీ వెడల్పంతా లేత ఎరుపు, పలచగా, సమంగా. బిగించడం మాత్రం రహమత్‌బీ తన చేతుల్లోకి తీసుకుంది. బిగించేటప్పుడు గుర్రం ఊపిరి పట్టి పొట్ట ఉబ్బిస్తుందట. అందుకని ఒక బెజ్జం పెట్టి నాలుగడుగులు నడిపించి, మళ్లీ ఒక బెజ్జం. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఈ పద్ధతి నాదేనని కడపలో ఒకాయనకు చెప్పాను. ఆమెది.

బేతంచెర్ల పెళ్లి నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ వాళ్లింట్లో. రోడ్డుకు అటూ ఇటూ బండలు దొంతరలు పెట్టి ఉన్నాయి. బ్యాండువాళ్ల తలల మీద కూడా తెల్లటి దుమ్ము. ఒక దొంతర మీద కాళ్లాడిస్తూ కూర్చున్నవాణ్ణి చూసి రహమత్‌బీ మోతీ పగ్గం దగ్గరికి లాక్కుంది. బేరగాడు. ఖాజా చెప్పిన మాట ప్రకారం వచ్చాడు. పక్కనే వాడి లారీ, వెనక తలుపు తెరిచే ఉంది.

పెళ్లికొడుకు ఏనుగంత ఉన్నాడని చెబుతుంటాను. మామూలు మనిషే, పొట్ట కాస్త ఎక్కువ. మోతీ వీపు మీద జీను వేసి, రహమత్‌బీ తంగు అందుకుంది. మోతీ చెవులు వెనక్కి వెళ్లాయి. ఖాజా రెండడుగులు వెనక్కి వేశాడు. ఒక బెజ్జం. నడిపించింది. ఇంకో బెజ్జం. మోతీ మెడ తిప్పింది. కరుస్తుందనుకున్నాను. తన పక్కటెముకల వైపు ఒకసారి వాసన చూసుకుంది. నొప్పి రావాల్సిన చోటుకు ఇంకా రాలేదేమిటా అన్నట్టు ఆగింది. ఆగి, పెద్దగా ఊపిరి వదిలింది. చెవులు ముందుకు వచ్చాయి.

"స్టూలు తీసుకరా రా!" అని రహమత్‌బీ అరిచింది. పెళ్లికొడుకు స్టూలు మీది నుంచి ఎక్కాడు, జీను పక్కకు లాగకుండా. బ్యాండు మోగింది, టపాసులు పేలాయి. మోతీ పెళ్లిమంటపం దాకా పెళ్లికూతురు నడిచినట్టు నడిచింది.

జీను దించాక ముగ్గురం ఒకేసారి వంగాం. పొట్ట కింద చెమట, నలిగిన వెంట్రుక. గీత లేదు, గాయం లేదు. ఖాజా చేత్తో తడిమి తడిమి చూశాడు. లేచి, బండల దొంతర దగ్గరికి పోయి బేరగాడితో ఒక్కటే మాట అన్నాడు.

"అన్నా, బిరియాని బాగుండాదంట. తిని పో."

రహమత్‌బీ మోతీ మెడలో ముఖం దాచుకుంది. నేను దుమ్ము కళ్లలో పడిందని తువ్వాలుతో తుడుచుకున్నాను. అది దుమ్మే. బేతంచెర్లలో దుమ్ముకు కొదవా?

ఇక మొదట్లో చెప్పిన మాట సర్దాలి. రెండు జిల్లాల గుర్రాలన్నీ అన్నాను కదా. మోతీ కాక, నా తంగు కట్టుకున్నవి కడపలో రెండు పెళ్లిగుర్రాలు. ఆత్మకూరులో ఇటుకలు మోసే గాడిద ఒకటి. గాడిద కూడా గుర్రం జాతే కనుక పెద్ద అబద్ధమేమీ కాదు. ఈ పని నాకు నేర్పింది ఒకటే. మెత్తదనం చేత్తో నొక్కి చూస్తే తెలిసేది కాదు. కుట్టినవాడికి, కొన్నవాడికి అసలే తెలియదు. మోసేవాళ్లను అడగాలి. వాళ్లకు నోరు లేకపోతే మన్ను పూసి అడగాలి.

ఈ రాతంతా నిన్న రహమత్‌బీ ఇంటి పెరట్లో కూర్చుని ఆమెకు చదివి వినిపించాను. మోతీకి గడ్డి వేస్తూ విన్నది. గాడిద దగ్గర పడీ పడీ నవ్వింది. అంతా అయ్యాక చేతులు దులుపుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"అంతా బాగుండాది గానీ, నీ భుజం మీద తల యాడ పెట్టింది చిన్నాయనా? నువ్వు మలుపు తిరిగితే అది పరిగెత్తేది నిజమే. ఇట్లా కాదు, అట్లా." వెనకవైపు చెయ్యి చూపించింది. చూస్తే మోతీ పెరటి చివర గోడకు ఆనుకుని, చెవులు వెనక్కి పెట్టి నిలబడి ఉంది. "నువ్వు పోయినాకనే గడ్డి ముడతాది. నీ తంగును ఒప్పుకుండాది గానీ, నిన్ను ఇంకా ఒప్పుకోలే."