జామీను సంతకం

లక్సెట్టిపేట గ్రంథాలయంలో అద్దాల బీరువాలకు తాళాలు తీసేశారని విన్న మర్నాడే బయలుదేరాను. కరీంనగర్ బస్టాండులో ఉప్మా తిని, ఏడుంబావు బస్సు ఎక్కాను.

నేను పుట్టి పెరిగింది లక్సెట్టిపేటలోనే. నా చిన్నప్పుడు అక్కడ పేపర్లు ఎవరైనా చదవొచ్చు. పుస్తకం ఇంటికి ఇవ్వాలంటే మాత్రం సర్కారు ఉద్యోగి జామీను సంతకం కావాలి. మగ్గం నేసే మా బాపు కోసం సంతకం పెట్టేవారు ఒక్కరూ దొరకలేదు. సముద్రం గురించిన లావుపాటి బొమ్మల పుస్తకాన్ని మూడేళ్లు అద్దంలోంచే చూశాను. ఆ ఉక్రోషం నాకింకా పోలేదు.

ధర్మారంలో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. పేరు లక్ష్మి, లక్సెట్టిపేటలో బీడీలు చేస్తుందట. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

"లైబ్రరీ ఫారం సారూ. జామీను కోసం తెలిసిన బడి పంతులు దగ్గరికొచ్చిన. 'బీడీలు చేసెటోళ్లకు పుస్తకాలెందుకు' అన్నడు."

"ఆ రూలు ఇంకా ఉందా!" సీట్లోంచి లేచినంత పని చేశాను.

"ఉన్నది. మీరెందుకు పరేషానయితున్నరు?" అని నవ్వింది.

రాయపట్నం వంతెన కింద గోదావరి నిండుగా పారుతోంది. తొమ్మిదిన్నరకు దిగి, టీ తాగి, ఇద్దరం కలిసే గ్రంథాలయానికి వెళ్లాం. బీరువాలు నిజంగానే బార్లా తెరిచి ఉన్నాయి. సముద్రం పుస్తకం అట్ట ఊడి అడుగు అరలో ఉంది. చేతిలోకి తీసుకోగానే కళ్లు చెమర్చాయి. గంటసేపు కదలకుండా చూశాను. ఈ ఊళ్లో ఉండనివారికి ఇంటికి ఇవ్వరని లైబ్రేరియనమ్మ మర్యాదగానే చెప్పింది.

"రిటైరైన టీచర్ని. నా జామీను చెల్లుతుందా?" అని అడిగాను.

"చెల్లుతది సార్. పుస్తకం పోతే జిమ్మేదారి మీదే."

లక్ష్మి ఫారం అందుకుని సంతకం పెట్టాను. ఆమె బిత్తరపోయింది. "నన్నెరుగనే ఎరుగరు. ఎట్ల నమ్మిండ్రు సారూ?"

"మా బాపును ఎరిగినోళ్లే నమ్మలే చెల్లె."

ఏ పుస్తకం కావాలని లైబ్రేరియనమ్మ అడిగితే, లక్ష్మి నా చేతిలోదే చూపించింది. ఇవ్వబుద్ధి కాలేదు. అయినా ఇచ్చాను.

మూడింటి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మీరూ వెళ్లదలిస్తే శుక్రవారం సెలవని గుర్తుంచుకోండి. పుస్తకం కోసం వెళ్లి ఒట్టి చేతులతో తిరిగొస్తున్నా మనసు నిండుగా ఉంది. ఆ పుస్తకం నా పూచీ మీద గడప దాటి, బీడీలు చేసే ఇంటికి పోయింది. మా బాపు ఉండి ఉంటే ఇంటికి పోగానే మొదట ఆయనకే చెప్పేవాణ్ని.